పిన్ని వంటింట్లో డొల్ల పలక

మా బాబాయికి ఊరంతా కలిసి పెట్టిన పేరు టకటక మేస్త్రి. ఇళ్ళల్లో నేలకు పలకలు పరచడం ఆయన పని. ఎవరింటికి వెళ్ళినా వంగి, తాపీ పిడితో నేలను టకటకా కొట్టి చూస్తాడు. గట్టిగా మోగితే సరేసరి. డొల్లగా మోగిందో, "ఏ వెధవ వేశాడయ్యా ఇది?" అని మొదలుపెట్టి, వాడి తాతముత్తాతల దాకా వెళ్ళొస్తాడు. ఒకసారి పరామర్శకు వెళ్ళిన ఇంట్లో అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే, ఈయన వేలి కణుపుతో నేల కొట్టి చూసి, "పెద్దాయన పోతే పోయారు గానీ, ఈ హాలు కూడా ఎంతోకాలం ఉండదు," అన్నాడు. పిన్ని రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

అంతటి మొనగాడి సొంత వంటింట్లో సింకు ముందున్న పలక ఊగుతోంది. పిన్ని చెప్పినప్పుడల్లా ఓ కొత్త కారణం. ఇసుకలో ఉప్పుందట. కింద మట్టి కుంగిందట. పక్కింటివాళ్ళు పొద్దస్తమానం గోడకు మేకులు కొడుతున్నారట. చివరికి సందులోంచి సిమెంటు నీళ్ళు పోసి, పైన గ్యాస్ సిలిండర్ పెట్టి, "ఇక చచ్చినా కదలదు," అన్నాడు. సిలిండర్ తీసిన పూటే పలక అంచు లేచింది. పిన్ని కాలు తట్టుకుని పడింది. చీలమండ ఇంతలావు వాచింది.

బట్టల సంచి తీసుకుని కుంటుకుంటూ మా ఇంటికొచ్చేసింది పిన్ని. అక్క ఇల్లే కదా, అడ్డేముంది?

మర్నాడు బాబాయి వచ్చాడు. వస్తూనే వంగి మా వరండా కొట్టి చూశాడు.

"ముందు నీ కొంప సంగతి చూసుకో మరిదీ," అంది అమ్మ.

"నేల బాగుచేస్తాలే, రా," అన్నాడు పిన్నితో.

"నేల సంగతి తర్వాత. అది ఎవరి వల్ల పాడైందో మీ నోటితో చెప్పండి. అప్పుడొస్తాను."

"ఆ ఇసుక ఉందే..." అని నసిగాడు. పిన్ని మొహం తిప్పుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పిన్ని పట్టుదల తెలిసినదాన్ని గనక, నిజంగానే తిరిగి వెళ్ళదేమోనని భయం కూడా వేసింది.

ఒంటికాయ సొంటికొమ్ములా కొన్నాళ్ళు గడిపాక బాబాయి ఫోన్ చేశాడు. "పలక లేపుతున్నాను. మీ పిన్నిని వచ్చి చూడమను."

నా భుజం పట్టుకుని, సంచితో సహా బయల్దేరింది పిన్ని. మేము గుమ్మంలో ఉండగానే ఆయన ఉలితో పలక పైకెత్తాడు. వెనకంతా సమంగా పట్టించాల్సిన సిమెంటు, నాలుగు మూలలా నాలుగు ముద్దలు, నడుమ ఒకటి. మిగతాదంతా ఖాళీ. బాబాయి ఊళ్ళో అందరికన్నా ఎక్కువ తిట్టేది ఇలా వేసేవాళ్ళనే.

"ఏ వెధవ వే..." అలవాటుగా వచ్చిన మాట గొంతులోనే ఆగిపోయింది.

"ఆగారేం? కానివ్వండి," అంది పిన్ని. "తాతముత్తాతల దాకా వెళ్ళండి. మా మామగారిని మాత్రం వదిలెయ్యండి, పాపం మంచివారు."

నాకు నవ్వు ఆగలేదు. బాబాయి నవ్వలేదు.

"నేనే వేశాను," అన్నాడు తలెత్తకుండా. "మనిల్లే కదా, అడిగేవాళ్ళెవరులే అని లాగించేశాను. నీ కాలు..."

పిన్ని సంచి నా చేతికిచ్చి, "లోపల పెట్టు," అంది. గట్టు మీది గరిటె అందుకుని, స్టూలు మీద కూలబడి పక్క పలక కొట్టింది. డొల్ల. దాని పక్కది. అదీ డొల్లే.

"అడిగేదాన్ని వచ్చాగా," అంది. "మొత్తం లేపండి."