బ్రీ కదిపిన అడుగు

పద్నాలుగేళ్లు నిండేదాకా జసింటా మొలాయ్ మగపిల్లలతో కలిసి ఫుటీ, అంటే కోడిగుడ్డు ఆకారం బంతితో ఆడే ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ ఆడింది. ఆ పుట్టినరోజుతో, ఆడపిల్లలు ఇక మగపిల్లలతో ఆడకూడదన్న నిబంధన అడ్డొచ్చింది. ఇక నువ్వు ఆడపిల్లల ఆట నెట్‌బాల్ ఆడుకో అన్నారు. ఆరేళ్లు ఆడింది కానీ ఆ ఆట ఒక్కనాడూ వంటబట్టలేదు. తెల్లవారుజామున ఆవుల పాలు పితికి, ఎండుగడ్డి మోపులకు గురిపెట్టి ఆ ఫుటీ బంతే తన్నుకునేది. ఆడవాళ్ల లీగు మొదలై మెల్‌బోర్న్ క్లబ్బొకటి తనను ఎంచుకున్నప్పుడు, తల్లి నోరీన్ బేకరీలో ఒక్కసారి నోరు విప్పింది. గంటలో ఊరంతా పాకింది.

నగరంలో జట్టు కెప్టెన్ బ్రీ స్టానప్, జసింటా ఒకే ఇంట్లో ఉన్నారు. నోరీన్ పంపే లామింగ్టన్ కొబ్బరి కేకుల డబ్బాలో సగం బ్రీయే తినేది. ఐదో ఏడు జసింటా మోకాలు పట్టేయడం మొదలైంది. ఆ సంగతి బ్రీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆటగాళ్ల జాబితా ఖాయం చేసే వారంలో కోచ్ జసింటాను కాఫీకి పిలిచి, మోకాలి మాటెత్తి, వచ్చే ఏడు నీకు చోటు లేదన్నాడు. కాఫీ ఇంకా రానేలేదు. ఎవరు చెప్పారని అడగాల్సిన పనే లేదు.

ఇంటికొచ్చిన కూతురి మొహం చూసి నోరీన్ ఆరా తీయకుండా ఉండలేకపోయింది.

"ఏడుస్తావా, మానేస్తావా?"

"రెండూ కాదమ్మా. ఆ బ్రీకి ఎదురుగా నిలబడతాను."

మోకాలికి ఆపరేషన్ చేయించుకుంది. ఏడాదిపాటు ఊరి జట్టులో బురదలో దొర్లింది. తరవాత నగరంలోనే మరో క్లబ్బు ఆమెను తీసుకుంది. పాత క్లబ్బుతో ఆట పడినప్పుడు, ఎక్కడ ఆడతావని కొత్త కోచ్ అడిగితే, బ్రీ ఎక్కడుంటే అక్కడ అంది.

ఐదేళ్లు పక్కపక్కన సాధన చేసిన మనిషి గుట్టు ఆమెకు తెలుసు. ఎవరైనా తన్నిన బంతిని గాలిలోనే పట్టినవాళ్లు ఆగి, గురిచూసి తన్నొచ్చు; వాళ్లకు ఎదురుగా అవతలి జట్టు నుంచి ఒకరు నిలబడతారు. అంపైర్ ఆడమనేదాకా ఆ నిలబడ్డ మనిషి కదలకూడదు. కదిలితే బంతిని యాభై మీటర్లు గోల్ వైపు జరుపుతారు. అవతలివాళ్లు కుడిభుజం కాస్త వాల్చారా, బ్రీ ఎడమపాదం దానంతటదే పక్కకు పోతుంది. దానికి ఎన్ని తిట్లు తిన్నా ఆ అలవాటు పోలేదు.

ఆఖరి నిమిషం. జసింటా జట్టు నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది. గోల్‌కు ఆరు. బంతిని ఆమె గాలిలోనే పట్టింది కానీ గోల్ చాలా దూరం. ఎదురుగా బ్రీ నిలబడింది.

"అక్కణ్ణుంచి నీ కాలికి అందదులే, జాస్," అంది మెల్లగా.

జసింటా కుడిభుజం కొంచెం, కొంచెమే వాల్చింది. బ్రీ పాదం జానెడు జరిగింది. ఈల మోగింది.

అంపైర్ వెంట ఆ యాభై మీటర్లూ జసింటా తాపీగా నడిచింది. అంత తియ్యటి నడక జీవితంలో ఎరగదు. అక్కణ్ణుంచి ఎవరైనా కొట్టగలరు. కొట్టింది. సైరన్ కూసింది.

ఆట ముగిశాక చేతులు కలపడం ఆనవాయితీ. బ్రీ కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"నీ మంచికే కోచ్‌కి చెప్పానే. మళ్లీ నడవలేవేమోనని భయమేసింది."

"నా మంచి నన్నడగాల్సింది," అని జసింటా చెయ్యి వదిలేసింది.

ఆ తరవాత మూడేళ్లలో పాత క్లబ్బుతో ఇంకో నాలుగు ఆటలు. ప్రతిసారీ బ్రీనే అడిగి తీసుకుంది. బ్రీ అడుగు వేస్తే తన అడుగు దాని పక్కనే. మొత్తం ఐదింటిలో నాలుగు గెలుపులు జసింటావే. బ్రీ రిటైర్ అవుతోందన్న వార్త పేపర్లో రాగానే నోరీన్ ఫోన్ చేసింది.

"నీ కసి తీరిందా, తల్లీ?"

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చెప్పి జసింటా ఫోన్ పెట్టేసింది.

మరుసటి సీజన్‌లో మళ్లీ ఆ పాత జట్టే, బ్రీ లేకుండా, ఎదురైంది. ఎవరి మీద ఆడతావని కోచ్ అడిగితే, ఎవరైనా సరే అంది. సగం ఆటయ్యేసరికి, ఆమె ఆటలో మునుపటి పట్టు లేదని కోచ్ ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టాడు. బ్రీ ఎప్పుడూ నిలబడే చోటు కేసి చూస్తూ ఆమె అక్కడే కూర్చుంది.