భాయి కెమెరా, మా బండ

అల్లూరు స్టూడియో భాయి పోయాడని చేపల వేలంపాట దగ్గర ఎవరో అన్నారు. చేతిలో బుట్ట అట్లాగే పట్టుకుని నిలబడిపోయాను. ఆ వెంటనే, ఆయన తీసిన సముద్రం వీడియో ఇప్పుడెవరి చేతిలో పడుతుందోనని భయమేసింది.

మా అమ్మాయి పెళ్లికి ఫొటోలు తీసింది ఆయనే. "కదలొద్దు, ఊపిరి మాత్రం తీసుకోండి" అని అందరినీ నవ్వించేవాడు. నీళ్లడుగున చేపల్ని వీడియో తియ్యాలని ఆయన కోరిక. సముద్రంలో చేపలు నిలిచే బండ ఒకటి నాకు తెలుసు. ఒడ్డున ఏ తాటిచెట్టు చర్చి శిఖరానికి సూటిగా వస్తే పడవ ఆపాలో మా నాయన నాకొక్కడికే చూపించాడు. మా ఇల్లు గడిచేది ఆ బండ మీదే. మొహమాటానికి తీసుకుపోతానన్నాను.

"నీ భాయి ఆ బండను మూటగట్టుకోని అల్లూరు పోతాడు చూడు" అని మా ఇంటామె ఎత్తిపొడిచింది.

భాయి కెమెరాను ముందువైపు అద్దమున్న పెట్టెలో బిగించి మా పెరటి తొట్టిలో వేశాడు. తేలితే సీసం గుండు కట్టాడు, మునిగితే వల బెండు కట్టాడు.

"ఏంది భాయ్, లంగరా ఇది?"

"లంగరు కాదన్నా. తేలకూడదు, మునగకూడదు. వదిలిన చోట చేప మాదిరి నిలబడాల. అప్పుడే బొమ్మ అదరదు."

పొద్దుగూకేసరికి నిలబడింది.

మర్నాడు బండ దగ్గర ఆయన దానితో నీళ్లలో మునిగి చెయ్యి వదిలాడో లేదో, పైకి తన్నుకొచ్చింది. తొట్టిలోవి బోరునీళ్లు. ఉప్పునీళ్లు ఇంకా తేలుస్తాయని సముద్రంలో పెరిగిన నాకే తట్టలేదు. భాయి గబగబా ఈదుకొచ్చి పెట్టె అద్దాన్ని అరచేత్తో మూసిపట్టుకున్నాడు.

"ఏంది దాచిపెడతుండావు?"

"ఏం లేదులేన్నా. గుండ్లు ఇంకో రెండియ్."

నా వలకున్నవే విప్పి ఇచ్చాను. ఈసారి నిలబడింది. ఒడ్డు గుర్తులు తీసుకుని దాస్తున్నాడేమోనన్న నా అనుమానమూ నిలబడింది. పైకొచ్చిన ప్రతిసారీ ఆ అద్దం మీద చెయ్యే. తర్వాత వీడియో చూద్దువు రమ్మని భాయి పిలిచినా నేను పోలేదు. బండ దగ్గర కొత్త పడవ ఏదైనా తిరుగుతుందేమోనని మాత్రం కనిపెట్టుకుని ఉన్నాను. ఏదీ రాలేదు.

ఇప్పుడు భాయి ఇంటికి పరామర్శకు పోయి, లేవబోతూ ఆ వీడియో సంగతి అడిగాను.

"ఎవరికీ చూపించలేదన్నా. ముందు నువ్వు చూడాలనేవాడు" అంటూ ఆయన భార్య కంప్యూటర్లో పెట్టింది.

నేను ఒడ్డు కోసమే వెతికాను. తాటిచెట్టు లేదు, చర్చి లేదు. మా బండ, దాని పక్కన కదలకుండా చేపలు. పెట్టె పైకి తేలినచోట ఒక్క క్షణం నురగ, ఆకాశం. ఒడ్డు కనబడేలోపే తెర నిండా భాయి అరచెయ్యి, వేళ్ల సందుల్లో ఎర్రగా వెలుతురు.