కోట్‌పల్లి నీళ్ల ఒడ్డున పిడుగు పడిన రోజు

మా చిన్నతనంలో కోట్‌పల్లి ప్రాజెక్టు నీళ్ల పక్కనే మా కంది చేను ఉండేది... అమ్మ కలుపు తీస్తుంటే నేను నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చునేదాన్ని.

ఒక మధ్యాహ్నం తాండూరు వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. ఎక్కడో దూరంగా ఉరిమింది... అంతే, అమ్మ పని వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"నీళ్లల్లకెళ్లి లే బిడ్డా! జల్ది లే!"

ఊరు దూరం. దగ్గర్లో ఒక్క ఇల్లు కూడా లేదు. వాన అందుకుంది. మేకలు కాసే ఖాజా మామ అప్పటికే మందతో చింతచెట్టు కిందికి చేరాడు.

"గిటు రాండ్రి చెల్లె, తడుస్తరు!" అని పిలిచాడు.

నేను అటు పరుగు తీయబోతే అమ్మ జబ్బ పట్టుకుని ఆపింది.

అంతకుముందు ఏడాదే మా మేనమామ వానకు చెట్టు కింద నిలబడి... పిడుగు పడి చనిపోయాడు. అప్పుడు ఊరికొచ్చిన దవాఖాన నర్సమ్మ చెప్పిన జాగ్రత్తలు అమ్మ మరిచిపోలేదు.

"అన్నా, నీ కాళ్లు మొక్కుత... చెట్టు కింద ఉండకు, ఇవతలికి రా!"

"మేకలను ఇడిచిపెట్టి యాడికి రావాలె?"

"మా అన్న గూడ గట్లనే నిలవడ్డడు..." అంటూ అమ్మ చేతులు జోడించింది.

ఖాజా మామ అమ్మ ముఖంలోకి చూశాడు. మేకలను అక్కడే వదిలి వచ్చేశాడు.

చెట్టుకూ నీళ్లకూ దూరంగా, పిడుగు ఒకరి నుంచి ఒకరికి పాకకుండా నర్సమ్మ చెప్పినట్టే విడివిడిగా, పాదాలు దగ్గరికి పెట్టి గొంతుకూర్చున్నాం. భయమేసి నేను అమ్మ వైపు జరిగితే నెట్టేసింది.

"నన్ను పట్టుకోకు... ఆడనే కూసో. చెవులు మూసుకో."

అమ్మ నన్ను దగ్గరికి రానివ్వనిది జీవితంలో ఆ ఒక్కసారే... ఏడుపు ఆగలేదు.

ఉన్నట్టుండి కళ్లు చెదిరే వెలుగు. చింతచెట్టు నిలువునా చీలిపోయింది.

ఉరుములు ఆగిన చాలాసేపటికి లేచాం. చెట్టు కింద కొన్ని మేకలు కదలడం లేదు. ఖాజా మామ వాటి పక్కన కూలబడి ఏడ్చాడు. అమ్మ నన్ను గుండెకు హత్తుకుని అక్కడే కూర్చుంది.

"ఇంటికాడ పిల్లలు నీ కోసం సూస్తుంటరు అన్నా... లే, పోదాం."

ఇప్పుడు పిడుగులు పడతాయని ఫోన్‌కే మెసేజ్ వస్తోంది. మంచిదే... కానీ మొన్న ఉరుముతున్నా నీళ్ల ఒడ్డున ఫొటోలు దిగుతున్న పిల్లల్ని "కారులో కూర్చోండి నాన్నా" అని పిలిస్తే వింతగా చూశారు. అప్పట్లో చేలో ఎవరు అరిచినా, అది మన మంచికే అనుకుని కదిలేవాళ్లం...

మొదటి ఉరుముకే మిమ్మల్ని లోపలికి పిలిచిన గొంతు ఎవరిది? ఇప్పటికీ చెవిలో ఉందా?