హాస్కాంప్ చెప్పే రేటు

వెర్లిన్ హాస్కాంప్‌ను రేటు అడగడమంటే డబ్బిచ్చి తిట్లు కొనుక్కోవడమే. అమెరికాలోని కలమజూ ఊళ్లో గిటార్లు బాగుచేసే ఈ మహానుభావుడి ముందు కస్టమర్ నోరు తెరిస్తే చాలు, రేటు రెండొందల డాలర్లు పెరుగుతుంది. గుడ్ మార్నింగ్ అన్నందుకు కూడా పెంచాడని ఊళ్లో చెప్పుకుంటారు.

ఎర్నస్టీన్‌కు ఆ సంగతి తెలుసు. అయినా తప్పలేదు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆమె చర్చిలో వాయిస్తున్న బేస్ గిటారు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అంచు, అదే బైండింగ్, ముసలిదై కుంచించుకుపోయి నడుం దగ్గర ఊడింది. లావు తీగ మీటినప్పుడల్లా జుయ్‌మని రొద.

"ఆదివారానికి ఆ రొద పోకపోతే మీ చోట ఇంకొకరిని కూర్చోబెడతాను, సిస్టర్" అని కొత్తగా వచ్చిన సంగీత నిర్వాహకుడు టాలివర్ తేల్చేశాడు.

హాస్కాంప్ ఆ గిటారును చచ్చిన ఎలుకను చూసినట్టు చూశాడు.

"అంచు మార్చాలంటే పద్దెనిమిది వందలు."

"ప్లాస్టిక్ ముక్కకా?"

"రెండు వేలు."

"దీన్ని కొన్నదే మూడొందలకయ్యా!"

"రెండు వేల రెండొందలు. పట్టీ ఇరవై డాలర్లే. పాత అంచు పీకితే పక్కనున్న రంగు లేస్తుంది. ఆ పాత రంగు కలిపేసరికి నా తల ప్రాణం తోకకొస్తుంది. అంతా అయ్యాక, మొదటి నుంచీ ఉన్న అంచు పోయిందని దీని విలువ సగానికి పడిపోతుంది. డబ్బిచ్చి మరీ సొంత గిటారును పాడుచేసుకునే తెలివి మీకే పుట్టిందా, ఎవరైనా నేర్పారా?"

ఎర్నస్టీన్‌కు ఒళ్లు మండింది. "నీ గుమ్మం తొక్కడం నాదే బుద్ధితక్కువ!"

"గిటారును ఇక్కడే ఉండనివ్వండి. మీలాంటివాళ్లు వస్తే చూపించడానికి పనికొస్తుంది. శనివారం పట్టుకెళ్లండి."

ఊళ్లో ఈ పని తెలిసినవాడు ఇంకొకడు లేడు. పళ్లు కొరుక్కుంటూ వదిలి వెళ్లింది.

శనివారం అతను తల కూడా ఎత్తలేదు. "మార్చలేదు. తీసుకెళ్లండి."

ఆమె గిటారు అందుకుంది. లావు తీగ మీటి చూసింది. రొద లేదు! అంచు పాతదే, ఒంటికి అతుక్కుని ఉంది. కుంచించుకుపోయిన చోట సందును, పాత అంచులాగే పసుపుబారిన ప్లాస్టిక్ పూడ్చింది. పాత గిటార్ల నుంచి రాలిన అంచు ముక్కలను అతను ఏళ్ల తరబడి దాచుకున్న సీసా, బల్ల మీద ఖాళీగా ఉంది. వాటినే గోళ్ల రంగు తుడిచే అసిటోన్‌లో కరిగించి పూశాడు.

"ఎంతివ్వాలి?"

"మీరిచ్చే చిల్లర నాకెందుకు? వెళ్లండి."

ఆదివారం ఎర్నస్టీన్ తన చోటే కూర్చుంది. టాలివర్ చెవులు రిక్కించి, రొద వినబడక ఊరుకున్నాడు. చివరి బెంచీలో చూస్తే, జన్మలో చర్చి గడప తొక్కని హాస్కాంప్ మొహం ముడుచుకుని వింటున్నాడు. ఆరాధన అవగానే నేరుగా ఆమె దగ్గరికొచ్చాడు.

"గిటారు బాగానే మోగింది. రెండో పాటలో మీరు తాళం తప్పారు. అది బాగుచేయడం నావల్ల కాదు."

"అయితే వచ్చే ఆదివారం కూడా వచ్చి తప్పులు పట్టుకో" అంది ఎర్నస్టీన్ నవ్వుతూ.

హాస్కాంప్ విసుక్కుంటూ, ఎన్నింటికి మొదలెడతారని అడిగాడు.