పెర్సిసమ్మ చెప్పని సాక్ష్యం

ఆరేళ్ళ క్రితం మా ఊళ్ళో జరిగిన స్వస్థత సభల్లో మా పెద్దమ్మ పెర్సిస్‌ను వేదిక ఎక్కించి, నాలుగు వందల మంది ఎదుట అవిశ్వాసి అన్నారు.

అప్పటికి ఆమె రెండు కళ్ళల్లోనూ శుక్లాలు ముదిరిపోయాయి. వెలుగేదో చీకటేదో తప్ప ఇంకేమీ తెలిసేది కాదు. బయటి ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు ఆమె కళ్ళకు నూనె రాసి, తల మీద చెయ్యి పెట్టి పెద్దగా ప్రార్థన చేశాడు. తరవాత వేళ్ళు చూపించి, "ఎన్ని తల్లీ?" అన్నాడు. ఇలాంటి సభలకు నాలుగుసార్లు వెళ్ళినవాళ్ళెవరికైనా తెలుసు, మొదట చూపించేది రెండు వేళ్ళే. ముప్ఫై ఏళ్ళుగా వెళుతున్న పెద్దమ్మకు అది తెలియనిదేమీ కాదు. వెనక నిలబడ్డ సంఘపెద్ద పాపారావు గారు కూడా గొంతు తగ్గించి అందించారు.

"రెండు అనమ్మా, రెండు."

"నాకు కనపడలేదండి పాపారావు గారూ," అంది పెద్దమ్మ.

ఆ మాట మైకులో పడింది. జనం నవ్వారు. ప్రసంగీకుడు నవ్వలేదు. "ఈ తల్లికి గుడ్డితనం కళ్ళల్లో లేదు, హృదయంలో ఉంది" అని ప్రకటించి, తరవాతి మనిషిని పిలిచాడు. దిగే మెట్లెక్కడున్నాయో ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనే వెళ్ళి దింపాను.

మాది కైకలూరుకు ఆరు కిలోమీటర్ల దూరం. పెద్దమ్మ ఐదో తరగతి దాకా మిషను బడిలో చదివింది. పెళ్ళైన తొమ్మిదేళ్ళకు పెదనాన్న పోయాడు. అప్పటినుంచి కైకలూరు దారిలో ఉన్న షెడ్డులో రొయ్యల తలలు తీసే పని. చూపు తగ్గాక కూడా వేళ్ళతో తడిమి, పక్కన కూర్చున్న పిల్లలకంటే వేగంగా తీసేది. ఆదివారం పని మానేసేది. మిషను దొరల కాలంలో కట్టిన మా చర్చిలో, ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చునేది.

ఆ సభల తరవాత స్త్రీల సమాజంలో ఆమెను ప్రార్థన చెయ్యమని అడగడం మానేశారు. మా పాస్టరు శ్యామ్ సుందర్ గారు వరసగా మూడు ఆదివారాలు ఆత్మీయ అంధత్వం గురించే ప్రసంగించారు. ఆయన చెడ్డవాడని నేను అనను. మంచివాడని అనడానికి కూడా నా దగ్గర కారణం లేదు. పెద్దమ్మ ఆ మూడు ప్రసంగాలూ ముందు వరసలో కూర్చునే విన్నది.

డాక్టరు దగ్గరకు రమ్మంటే ఏళ్ళ తరబడి రాలేదు. వెళితే, నమ్మకం లేదని వాళ్ళన్నదే నిజమవుతుందని ఆమె భయం. చివరికి రొయ్య ముల్లు గుచ్చుకుని చేతికి చీము పట్టింది. ఇక పనికి రావద్దని షెడ్డువాళ్ళు చెప్పేశాక ఒప్పుకుంది. మొన్న ఫిబ్రవరిలో నా బండి మీద ఏలూరు కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఒక కంటికి అప్పుడు, రెండో కంటికి ఇరవై రోజుల తరవాత ఆపరేషన్ చేశారు.

మొదటి కట్టు విప్పగానే పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"ఇంత నల్లబడ్డావేంట్రా నిరంజనూ?"

తరవాత అక్కడే మంచం పక్కన మోకరించి, పైకే స్తోత్రం చెప్పింది. నర్సు నవ్వి, "మా డాక్టరు గారికి కూడా ఓ మాట చెప్పండమ్మా" అంది.

"ఆవిడకి ముందే చెప్పేశానండి," అంది పెద్దమ్మ.

రెండో ఆపరేషన్ అయిన పది రోజులు తిరగకుండానే పాస్టరు గారూ పాపారావు గారూ ఇంటికి వచ్చారు. వేసవి సభల్లో పెద్దమ్మ సాక్ష్యం చెప్పాలి. ఆరేళ్ళ కిందట ప్రార్థన జరిగింది, ఇప్పుడు చూపు వచ్చింది, అంతే చెబితే చాలన్నారు.

"మధ్యలో ఏలూరు ఉంది కదండీ అయ్యగారూ," అంది పెద్దమ్మ.

"ఆపరేషన్ మాట ఎత్తితే దేవుడికి మహిమ ఏం మిగుల్తుందమ్మా?" అన్నారు పాపారావు గారు.

"డాక్టరమ్మకి ఆ చేతులిచ్చింది ఆయన కాదాండీ? ఆ మాట చెప్పమంటే ఎన్ని ఊళ్ళల్లోనైనా చెప్తాను."

"అది అందరికీ జరిగేదేనమ్మా. వినేవాళ్ళకి విశ్వాసం పెరగాలి కదా," అన్నారు పాస్టరు గారు, నచ్చజెబుతున్నట్టు.

పెద్దమ్మ కాసేపు చీర కొంగు సర్దుకుంది. "నేను అబద్ధమాడితేగానీ దేవుడి పని జరగదంటున్నారు. అలాంటప్పుడు అవిశ్వాసం ఎవరిదండీ అయ్యగారూ?"

ఆ మాట ఆమె మెల్లగానే అడిగింది. ఇద్దరూ మంచినీళ్ళు కూడా తాగకుండా లేచి వెళ్ళిపోయారు.

మా చర్చిలో నెలలో మొదటి ఆదివారం సంస్కారం, అంటే ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. ఏప్రిల్‌లో పెద్దమ్మ అందరితోపాటు రైలింగ్ దగ్గర మోకరించి, దోసిలి పట్టింది. పాస్టరు గారు ఎడమ పక్కామెకు రొట్టె ఇచ్చి, పెద్దమ్మను దాటి, కుడి పక్కామెకు ఇచ్చారు. సంఘపెద్దల ముందు తన అవిశ్వాసాన్ని ఒప్పుకుంటేనే ప్రభువు బల్లలో చేయి ఉంటుందని మర్నాడు కబురొచ్చింది. పన్నెండో ఏట నిర్ధారణ పొంది, సంఘంలో పూర్తి సభ్యురాలైన నాటినుంచి ఆమె ఒక్క నెల కూడా సంస్కారం తప్పలేదు. మే, జూన్, జూలై కూడా వెళ్ళి మోకరించింది. మూడుసార్లూ ఖాళీ చేతులతో లేచి వచ్చింది. ఇంటికొచ్చాక ఆ రోజు అన్నం తినేది కాదు.

నేను పదిహేడో ఏట చర్చి మానేశాను. ఏలూరులో పాత పుస్తకాల కుప్పల దగ్గర దొరికిందల్లా చదివి, నాకు తోచింది నేర్చుకున్నాను. ఈ గొడవ మొదలయ్యాక సువార్త మళ్ళీ తీశాను. పుట్టుగుడ్డివాడికి చూపు వస్తుంది. జరిగింది జరిగినట్టు చెప్పినందుకు పెద్దలు వాణ్ణి వెళ్ళగొడతారు. ఆ అధ్యాయం పెద్దమ్మకు చదివి వినిపించి, "చూశావా, మనవాళ్ళు అచ్చం వీళ్ళే" అన్నాను. నాకు చాలా సంతోషంగా ఉంది.

"ఆ కథ నాకు తెలుసురా," అంది. "నువ్వు సగంలో ఆపావు. వెళ్ళగొట్టారని విని ప్రభువే వాణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు. నీకు వెళ్ళగొట్టడం దాకానే నచ్చింది."

ఊరు వదిలే ముందు, ఆగస్టు మొదటి శనివారం ఆమెను చివరిసారి కలిశాను. తాడేపల్లిగూడెంలో మోటార్ల షాపులో పని దొరికింది, సోమవారం చేరాలి. వెళ్ళేలోపు ఒక పని చేసిపోవాలనుకున్నాను. రేపు చర్చి కిటికీ దగ్గర నిలబడి, ఆమెను దాటిపోవడం ఫోనులో తీసి ఊరందరికీ పంపుతానని చెప్పాను. తరవాత ఆమె కూడా రెండు మాటలు మాట్లాడితే, ఈ దేవుడి వ్యాపారం ఎలాంటిదో జనానికి తెలుస్తుందన్నాను. కెమెరా కనబడితే పాస్టరు గారు జడిసి రొట్టె ఇచ్చేసినా ఇస్తాడు, ఎటైనా మనకే లాభం అని కూడా అన్నాను.

పెద్దమ్మ చుక్కల మందు వేసుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది.

"వాళ్ళకి కావలసిన సాక్ష్యం వాళ్ళు చెప్పమన్నారు, నీకు కావలసింది నువ్వు చెప్పమంటున్నావు," అంది. "రేపు నేను వెళ్తాను. నువ్వు రావద్దు. నీ ఫోనుకి జడిసి ఆయన పెట్టిన రొట్టె నేనెలా తింటానురా?"