జేబెజ్ బావా, జావ కాచిన ఇంజనూ

క్రాగ్‌లో అనే మా లోయలో పుట్టి పేరు తెచ్చుకున్నవాళ్ళెవరని అడిగితే నేను ముందు మా బావ జేబెజ్ ఫర్నెస్ పేరే చెబుతాను. మా అక్క డోర్కస్ మొగుడు కాబట్టి చెబుతున్నానని కొందరంటారు. అననివ్వండి. సీసం గనిలో నీళ్ళు తోడే ఆవిరి ఇంజనును ఇరవై రెండేళ్ళపాటు ఆగనివ్వకుండా నడిపినవాడు ఈ డెర్బీ జిల్లాలో ఇంకొకడుంటే, వాడి బావమరిదిని కూడా కలం పట్టుకుని రమ్మనండి.

బావ చదువు ఆదివారం బడిలో రెండు చలికాలాలు. అంతకంటే ఎక్కువ చదివినవాళ్ళు మాంచెస్టరులో చాలామంది ఉన్నారు, వాళ్ళేం చేశారో నాకు తెలియదు. బావ మాత్రం తొమ్మిదో ఏట ఖనిజం కడిగే తొట్ల దగ్గర చేరాడు. పదిహేడో ఏట బాయిలరు పొయ్యిలో బొగ్గు ఎగదోశాడు. ఇరవై అయిదు నిండేసరికి ఇంజను ఇంటి తాళం చెవి ఆయన నడుముకు వేలాడుతోంది. ఇంజనుకు మార్తా అని పేరు పెట్టింది ఆయనే. మూడంతస్తుల రాతి ఇల్లు, దాని గోడమీద ఏతంలా ఊగే పెద్ద దూలం, ఆ దూలానికి ఒక కొసన సిలిండరు, రెండో కొసన అరవై నిలువుల లోతుకు దిగిన పంపు కడ్డీ. నిమిషానికి తొమ్మిది ఊపులు. ఆ ఊపు ఆగితే కింద పనిచేసే ముప్ఫై మంది మోకాళ్ళ దాకా నీళ్ళు రావడానికి అరగంట చాలు.

ఆ చప్పుడు బావ చెవిలో ఎప్పుడూ ఉండేది. ఒక ఆదివారం ప్రార్థన మధ్యలో దిగ్గున లేచి నిలబడ్డాడు. దేవుడు పిలిచాడనుకుని బోధకుడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "ఊపు ఆలస్యమైంది" అని బావ టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. అక్కకు మొదటి కాన్పు నొప్పులు వచ్చినప్పుడు కబురు పంపితే ఇంటికి రాలేదు. అక్కే ఇంజను ఇంటికి వెళ్ళింది. మా పెద్ద మేనకోడలు బాయిలరు పక్కన పుట్టింది. అక్కడ వెచ్చగా ఉండిందని అక్క ఇప్పటికీ ఒప్పుకుంటుంది, కాని ఆ ఒప్పుకోవడంలో కోపం ఉంటుంది.

మార్తాకు ఉన్న జబ్బల్లా బాయిలరు కారడం. రేకుల అతుకుల దగ్గర సన్నగా నీళ్ళు చిమ్మేవి. దానికి బావ ఒక మందు కనిపెట్టాడు. బాయిలరుకు నీళ్ళందించే తొట్టి ఇంజను ఇంటి వెనక ఉంటుంది, మూత లేనిది. అందులో రెండు పిడికిళ్ళ ఓట్స్ పిండి వేస్తే, పిండి వేడినీళ్ళతో వెళ్ళి అతుకుల్లో చిక్కుకుని గట్టిపడుతుంది. కారడం ఆగుతుంది. రెండే పిడికిళ్ళు, నెలకొక్కసారి. ఇది రహస్యం. ఎంత రహస్యమంటే, మా లోయలో చంటిపిల్లలకు మాత్రమే తెలియదు.

నేను చెప్పబోయే ఏడాది గని వాటాదారుల తరఫున ఏజెంటుగా స్లాక్ అనే మనిషి వచ్చాడు. నల్లకోటు, సన్నటి గొంతు. వచ్చిన వారానికే ఇంజను ఇంటి గడపలో నిలబడ్డాడు.

"ఫర్నెస్, నీ ఇంజను ముసలిదైపోయింది."

"మీ నాన్నగారూ ముసలాయనే కదండీ. అన్నం పెట్టడం మానేశారా?" అన్నాడు బావ, నూనె పోస్తూనే.

స్లాక్ మొహం ఎర్రబడింది. "సర్ ఆంబ్రోస్‌గారికి రాశాను. కార్న్‌వాల్ నుంచి కొత్త ఇంజను తెప్పిస్తున్నాం. దాంతో పాటు కార్న్‌వాల్ మనిషీ వస్తాడు. నీకు తొట్ల దగ్గర పని ఇస్తాంలే."

తొమ్మిదేళ్ళ వయసులో చేసిన పనికి నలభై ఏడేళ్ళ వయసులో తిరిగి వెళ్ళడం! ఆ రాత్రి బావ భోజనానికి కూర్చున్నాడు, కాని అక్క పెట్టిన రొట్టె అలాగే ఉంది.

సర్ ఆంబ్రోస్ క్రెస్‌ఫోర్డ్ అంటే మా గనిలో పెద్ద వాటాదారు, మా జిల్లా పార్లమెంటు సభ్యుడు. ఆవిరి గురించి పార్లమెంటులో మూడు గంటలు మాట్లాడిన మనిషి. ఆయన్ను నేను తక్కువ చేయను. మా లోయకు రోడ్డు వేయించింది ఆయనే. అయితే అన్ని గంటలు మాట్లాడిన ఆవిరిని ఆయన అంతవరకూ దగ్గరగా చూడలేదు. ఆయన జవాబు రాశాడు: నేను వస్తాను, నాతో డాక్టర్ హిబ్బర్డ్ అనే శాస్త్రవేత్త వస్తాడు, మూడు గంటలు పరీక్ష పెడతాం, బొగ్గు తూచి నీళ్ళు కొలుస్తాం. ఇంజను నెగ్గితే ఫర్నెస్ ఉంటాడు, లేకపోతే కార్న్‌వాల్ మనిషి.

"బాయిలరు ఒక్క చుక్క కారినా ఒప్పుకోను" అని స్లాక్ తన తరఫున కలిపాడు.

ఇక్కడ మా లోయ అలవాటు ఒకటి చెప్పాలి. ఎవరింట్లో కష్టం వచ్చినా మేము గుప్పెడు పిండి తీసుకెళ్ళి వాళ్ళ గడపలో పెట్టి వచ్చేస్తాం. ఇవ్వమంటావా అని అడగడం అవమానం. ఇచ్చానని చెప్పుకోవడం ఇంకా పెద్ద అవమానం. భార్య పెట్టింది భర్తకు తెలియదు, భర్త పెట్టింది భార్యకు తెలియదు. ఈ గుణం వల్లనే మా లోయలో కరువు రోజుల్లో కూడా ఎవరూ ఆకలితో పోలేదు. ఇంగ్లాండు దేశంలో ఇంకెక్కడా ఇది లేదని నా నమ్మకం.

పరీక్ష రోజు తెల్లవారగానే బావ తొట్టిలో తన రెండు పిడికిళ్ళు వేశాడు. తరవాత అక్క వెళ్ళింది. నేనూ వెళ్ళాను. వెళ్ళలేదని అబద్ధం ఎందుకు చెప్పాలి? చిన్న సంచీడు వేశాను, చేతులు దులుపుకుని ఈల వేసుకుంటూ వచ్చేశాను. దారిలో కొంగు కింద ఏదో దాచుకుని వస్తున్న తబిత అవ్వ ఎదురుపడింది.

"ఎక్కడికవ్వా పొద్దున్నే?"

"చలిగాలికి. నువ్వెక్కడినుంచిరా?"

"నేనూ చలిగాలికే."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా వెళ్ళిపోయాం.

పది గంటలకు బగ్గీ వచ్చింది. సర్ ఆంబ్రోస్ పొడుగ్గా, గులాబీ రంగు బుగ్గలతో, తెల్లటి పట్టు వాస్కటుతో దిగాడు. డాక్టర్ హిబ్బర్డ్ పొట్టివాడు. జేబుల నిండా కాగితాలు. దిగీదిగగానే ఇంజను ఇంటి గోడకు చెవి ఆనించి నిలబడ్డాడు. ఆయన్ను చూడగానే ఈ మనిషికి పని తెలుసని నాకు అర్థమైంది.

మొదటి గంట హాయిగా నడిచింది. బాయిలరు ఒక్క చుక్క కారలేదు. స్లాక్ మోకాళ్ళ మీద వంగి అతుకులన్నీ వెతికాడు. పొడి. తెల్ల చేతిరుమాలుతో తుడిచి చూశాడు. అదీ పొడే.

"ఎండిపోయిందాండీ రుమాలు? కావాలంటే తడిపి ఇస్తాను" అన్నాడు బావ.

బయట జనం నవ్వారు. అప్పటికి లోయంతా అక్కడే ఉంది.

రెండో గంట మొదలైన కాసేపటికి బావ మొహం మారింది. బాయిలరులో నీళ్ళెంత ఉన్నాయో చూడడానికి దానికి రెండు ఇత్తడి కుళాయిలు ఉంటాయి. పైది తిప్పితే ఆవిరి రావాలి, కిందది తిప్పితే నీళ్ళు రావాలి. బావ పైది కొంచెం తిప్పాడు. ఆవిరీ రాలేదు, నీళ్ళూ రాలేదు. తెల్లటి నురగ ఒకటి బుడగలు కట్టి మూతి దగ్గర నిలబడింది. టక్కున మూసేశాడు.

"ఒరే బావమరిదీ," అన్నాడు పెదాలు కదలకుండా, "తొట్టిలో ఏమైనా వేశావా?"

"నేనా? ఛ!"

"ఏమే డోర్కస్?"

"నాకేం పనయ్యా నీ తొట్టితో?" అంది అక్క, ఆకాశం కేసి చూస్తూ.

సరిగ్గా అప్పుడే సర్ ఆంబ్రోస్ ముందుకొచ్చాడు. జనం ఉన్నచోట ఊరికే నిలబడడం ఆయనకు చేతకాదు. "మిత్రులారా! ఆవిరే మన దేశానికి ప్రాణమని పార్లమెంటులో చెప్పాను. ఆ ప్రాణాన్ని నా చేతులతో మీకు చూపిస్తాను. ఫర్నెస్, ఏ కుళాయి?"

"ఏదీ వద్దు దొరగారూ. ఇప్పుడు కాదు."

"సిగ్గుపడకు."

"సిగ్గు కాదు దొరగారూ, దూరంగా..."

ఆయన అప్పటికే పై కుళాయిని పూర్తిగా తిప్పేశాడు.

నేను చాలా చూశాను. సొరంగంలో మందుగుండు పేలడం చూశాను, పెద్ద పంపు కడ్డీ విరిగి పడడం చూశాను. ఇలాంటిది చూడలేదు. చిక్కటి జావ ఈలవేస్తూ వచ్చి సర్ ఆంబ్రోస్ వాస్కటు మీద ఛాతీ నుంచి నడుము దాకా పడింది. మందపాటి పట్టు కాబట్టి ఒళ్ళు కాలలేదు. బావ ఒక చేత్తో ఆయన్ని పక్కకు లాగి, రెండో చేత్తో కుళాయి కట్టాడు. ఒక పార్లమెంటు సభ్యుణ్ణి మెడపట్టి లాగినవాడు మా లోయలో ఆయనొక్కడే.

జనం నవ్వడం మొదలుపెట్టేలోపే పైనుంచి దూలం ఢామ్మని కొట్టుకుంది. పనిచేసేవాళ్ళం కదా, మాకు తెలుసు. జావ పొంగి గొట్టంలోకి ఎక్కింది. ఆవిరితో పాటు సిలిండరులోకి పోతోంది. రెండు మూడు ఊపుల్లో పిస్టను పగులుతుంది. ఇంజను ఆపేస్తే అది బతుకుతుంది, కాని గనిలో ముప్ఫై మంది ఉన్నారు.

స్లాక్ గుమ్మం దాటి చాలా దూరం వెళ్ళిపోయాడు.

బావ ఆపలేదు, పరిగెత్తలేదు. "బావమరిదీ, పొయ్యి తలుపు తియ్! నిప్పులు కిందికి లాగు! డోర్కస్, తొట్టి బోర్లించి మంచినీళ్ళు పట్టు! ఎవర్రా అక్కడ, అడుగు కుళాయి విప్పి మురికి వదలండి, మెల్లిగా!" అని అరుస్తూ, మామూలుగా మార్తా తనంతట తానే తెరిచి మూసే ఆవిరి వాల్వుల పిడులను రెండు చేతులతో పట్టుకున్నాడు. ఇక ప్రతి ఊపూ చేత్తోనే. ఆవిరిని వేలెడంత తెరవడం, చెవితో వినడం, మూయడం. నిమిషానికి తొమ్మిది ఊపులు కాస్తా మూడయ్యాయి. మూడే, కాని ఆగలేదు. గంటసేపు అలా నడిపాడు. చెమట ముక్కుమీద నుంచి కారుతుంటే తుడవడానికి కూడా చెయ్యి వదల్లేదు. అక్కే మధ్యమధ్య తన ముసుగుతో తుడిచింది, తిడుతూనే.

దూలం కొట్టుకోవడం ఆగింది. గనిలోంచి కేక వచ్చింది: నీళ్ళు పాదాల దాకా వచ్చి మళ్ళీ తగ్గాయని.

స్లాక్ తిరిగి వచ్చాడు. "చూశారా దొరగారూ! నేను ముందే చెప్పాను. ఈ మనిషి బాయిలరులో పిండి పోస్తాడు!"

"అవును, నేనే పోశాను. అంతా నేనే" అన్నాడు బావ, పిడులు వదలకుండా.

డాక్టర్ హిబ్బర్డ్ సర్ ఆంబ్రోస్ వాస్కటు మీది జావను వేలితో తీసి నాలుకమీద పెట్టుకున్నాడు. "ఓట్స్. ఉప్పు తక్కువ. ఫర్నెస్, ఎంత పోశావు?"

"రెండు పిడికిళ్ళండీ."

"ఇది రెండు పిడికిళ్ళ చిక్కదనం కాదు."

అక్క ముందుకొచ్చింది. "నేనూ ఒక గిన్నెడు వేశానండీ." బావ తల తిప్పి ఆమెను చూసిన చూపు నేను మరచిపోలేను. "నేను చిన్న సంచీడు" అన్నాను. "బాబూ, నా కొంగుడు కూడా రాసుకోండి" అంది తబిత అవ్వ. ఆ తరవాత వరస కట్టారు. ఖనిజం కడిగేవాళ్ళు, కమ్మరి, గాడిదలు తోలేవాడు. చివరికి బోధకుడు దగ్గి, "నేను అరగిన్నె. ప్రార్థనతో పాటు" అన్నాడు. డాక్టరు అందరివీ కూడాడు. మొత్తం దాదాపు రెండు మూటలు తేలింది.

"ఆంబ్రోస్," అన్నాడు డాక్టరు కాగితం మడుస్తూ, "బాయిలరు పాడైపోయింది, కొత్తది చేయించాలి. ఇంజను మంచిది. పరీక్ష సగంలో ఆగింది కాబట్టి బొగ్గు లెక్క నేను చెప్పలేను. కాని ఒకటి చెబుతాను. రెండు మూటల జావ మింగిన ఇంజనును బతికించి, కింద మనుషుల్ని బతికించినవాడిని నేను ఇప్పటిదాకా చూడలేదు. నీ కార్న్‌వాల్ మనిషి అయితే ఈపాటికి మిస్టర్ స్లాక్‌ కంటే దూరంలో ఉండేవాడు."

ఇప్పుడు అందరం సర్ ఆంబ్రోస్ కేసి చూశాం. వాస్కటు మీంచి ఎండిన జావ పెచ్చు ఒకటి రాలింది. ఆయన కోప్పడితే జనం నవ్వుతారు. నవ్వితే జనం ఆయనతో కలిసి నవ్వుతారు. నాయకుడంటే ఆ తేడా తెలిసినవాడు. ఆయన ముందు మెల్లిగా, తరవాత గట్టిగా నవ్వాడు.

"ఫర్నెస్ ఉంటాడు," అన్నాడు. "కొత్త బాయిలరు నేను పంపిస్తాను. తొట్టికి మూత, మూతకు తాళం, చెవి అతని దగ్గరే. ఇంకెవరి దగ్గరా కాదు, బోధకుడుగారూ." అని బావ దగ్గరకు వచ్చి కరచాలనం కోసం చెయ్యి చాచాడు.

బావ ఆ చేతిని చూశాడు. తన చేతుల్ని చూసుకున్నాడు. "ఖాళీ లేవు దొరగారూ. మార్తా కుదుటపడడానికి ఇంకో గంట పడుతుంది. ఆ మూల నిలబడండి, అక్కడ నూనె పడదు."

సర్ ఆంబ్రోస్ ఆ మూలకు వెళ్ళి నిలబడ్డాడు. గంట ఆగి, చెయ్యి కలిపి, అప్పుడే వెళ్ళాడు. ఆ గంటసేపూ ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పార్లమెంటు మొత్తం కలిసి ఎన్నడూ చేయించలేని పని అది. మా బావ చేయించాడు.