ముద్దనూరు నుంచి ఊరి మలుపు దాకా

"ఊరి మలుపు దగ్గర బండెక్కించుకున్నాను సార్. అంతకు ముందు ఎక్కడున్నాడో నాకు తెలీదు."

పోలింగ్ బూత్‌లో నిలబడి నేను చెప్పిన మాట ఇది. ఇన్నేళ్లుగా దీన్ని మోస్తున్నాను. నిద్ర పట్టలేదని, అన్నం సహించలేదని చెప్పను. నిద్ర పట్టింది. తిన్నాను. వార్తలు రాశాను, కూతురి పెళ్లి చేశాను. నన్ను ఎక్కువగా భయపెట్టేది అదే. ఇంత పని చేసిన మనిషి ఇంత మామూలుగా ఎట్లా బతికాడు? మీరెవరో నాకు తెలీదు. తెలిసినవాళ్లకు చెప్పలేకనే మీకు చెబుతున్నాను.

నేను ఆ మాట అనేటప్పుడు మస్తాన్ నా పక్కనే ఉన్నాడు. ఎడమ చేతి చూపుడు వేలు పైకెత్తి పట్టుకున్నాడు. దాని మీద సిరా లేదు. కానీ వాడి ఓటు పొద్దున్నే పడిందని రికార్డులో ఉంది. పేరు పక్కన గీత, రిజిస్టర్లో వేలిముద్ర. మస్తాన్ తెలుగులో సంతకం చేస్తాడు. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

బెంచీ మీద రెండు వర్గాల ఏజెంట్లూ భుజం భుజం ఆనించి కూర్చున్నారు. వాళ్లలో పెద్దవాడు ఓబుల్‌రెడ్డి. ఆయనే అన్నాడు: "పొద్దున్నే వేసిపోయినాడు సార్. సిరా రుద్దేసుకోని మళ్లా వచ్చినాడు."

మస్తాన్ నవ్వాడు. ఎగతాళి అనుకున్నాడు. "ఏంది ఓబుల్‌రెడ్డి మామా, నేను రైలు దిగిందే ఇప్పుడు గదా."

రెండో వర్గం ఏజెంటు కూడా తలూపాడు. "వేసినాడు సార్. నేనూ చూసినా."

మస్తాన్ నవ్వు ఆగింది. నావైపు తిరిగాడు. "మామా, నువ్వు సెప్పు. నన్ను ముద్దనూర్లో ఎక్కించుకున్యావా లేదా?"

బూత్ అధికారి ఎక్కడో దూరం నుంచి వచ్చిన లెక్చరర్. మంచివాడిలాగే కనిపించాడు. నా మెడలోని ప్రెస్ కార్డు చూసి, "మీరు చెప్పండి. ఈయన పొద్దున ఇక్కడ లేడని మీకు తెలిస్తే నేను వేరే బ్యాలెట్ ఇస్తాను" అన్నాడు. ఒకరి ఓటు ఇంకొకరు వేసేస్తే అసలు ఓటరుకు కాగితం బ్యాలెట్ ఇవ్వాలి. టెండర్ ఓటు అంటారు. ఎన్నికలకు ముందు దాని గురించి మా పేపర్లో వివరంగా రాసింది నేనే.

అప్పుడు చెప్పాను, ఊరి మలుపు దగ్గర ఎక్కించుకున్నానని. యాసలో కాదు, అధికారికి బాగా అర్థమయ్యేలా, పేపరు భాషలో.

ముద్దనూరు స్టేషన్ నుంచి జమ్మలమడుగు మీదుగా పెద్దముడియం వైపు ఉన్న ఆ ఊరికి బండి మీద గంటకు పైనే పడుతుంది. ఊరి మలుపు నుంచి బూత్‌కు ఒక బీడీ కాలేంత సేపు. ఆ మధ్య దారంతా నేను ఒక్క మాటతో తుడిచేశాను. మలుపు దగ్గర ఎక్కినవాడు అంతకు ముందు ఊర్లోనే ఉండొచ్చు గదా. ఓటు వేసి, వేలు రుద్దుకుని, మళ్లీ వచ్చి ఉండొచ్చు గదా. నేను అబద్ధం చెప్పానని మస్తాన్ తప్ప ఎవరూ అనలేరు. అట్లా అమర్చి చెప్పాను. వృత్తి నేర్పిన పని.

మస్తాన్ ఎవరో చెప్పాలి. జమ్మలమడుగు హైస్కూల్లో నా పక్క బెంచీ. వాళ్ల నాయన పరుపులు కుట్టేవాడు. నా పెళ్లికి పరుపు ఆయనే కుట్టి, డబ్బులిస్తే తీసుకోలేదు. ఇరవై నిండగానే మస్తాన్ డ్రైవరుగా కువైటు పోయాడు. వాడు సెలవు మీద వచ్చినప్పుడు ఎన్నికలుండవు, ఎన్నికలప్పుడు వాడుండడు. నేను మాత్రం ప్రతిసారీ సిరా వేలు ఫోటో తీసి వాడికి పంపేవాడిని. వాడు ఫోన్ చేసి, "ఆడ మన పేరుందంట గదా మామా? పేరుంటే సాల్లే, మనిషి ల్యాకపోయినా" అనేవాడు. వాళ్లమ్మ ఖాదర్‌బీ ఊర్లో ఒక్కతే ఉండేది.

ఆ ఊరి సంగతీ చెప్పాలి. అక్కడ రెండు వర్గాలు. ఎప్పుడో పోలింగు దగ్గర మొదలైన గొడవలో మనుషులు పోయారు. కొన్ని ఇండ్లు ఇప్పటికీ తలుపులు తీయలేదు. ఆ తర్వాత పెద్దలు ఒక పద్ధతి పెట్టుకున్నారు. పోలింగుకు ముందు రోజు సాయంత్రం రెండు వర్గాలూ ఒక అరుగు మీద కూర్చుంటాయి. కువైటులో ఉన్నవాళ్లెవరు, రానివాళ్లెవరు అని చూసుకుని, ఆ ఓట్లు చెరి సగం పంచుకుంటాయి. కువైటు ఓట్లు అంటారు వాటిని. ఇక బూత్‌లో ఎవరూ ఎవరినీ అడ్డుకోరు. ఊర్లో లేనివాళ్ల ఓట్ల మీద ఉన్నవాళ్ల శాంతి నిలబడింది. నాకు అది తెలుసు. తెలిసే ప్రతిసారీ 'పోలింగు ప్రశాంతం' అని రాశాను. నిజం చెబుతున్నాను, అప్పట్లో అందులో నాకు తప్పు కనిపించలేదు. తలకాయలు పగలడం కన్నా నయం గదా అనుకున్నాను.

ఆ సాయంత్రం నేనూ ఆ అరుగు మీదే ఉన్నాను, బొరుగులు తింటూ. ఓబుల్‌రెడ్డి అడిగాడు: "మీ దోస్తు మస్తాన్ వస్తాండాడా?"

"వాడు కువైట్లో ఉన్నాడు మామా, యాడొస్తాడు" అన్నాను. నాకు తెలిసినంతవరకు అది నిజమే.

"అయితే ఈ తూరి మాకు ఇడిసిపెట్టండప్పా" అన్నాడు ఆయన అవతలి వర్గంవాళ్లతో. "పోయినసారి మీకేసినాడు గదా, ఒగే పార్టీకి ఎన్నిసార్లు వేస్తాడు పాపం."

అందరూ నవ్వారు. నేను కూడా.

మర్నాడు తెల్లారేసరికి మస్తాన్ ఫోన్. సెలవు ఉన్నట్టుండి దొరికిందట, బొంబాయిలో దిగి రైలెక్కాడట, ముద్దనూరులో ఉన్నాడట. "అమ్మకు చెప్పాకు మామా, నేనే పోయి ఎదురుగా నిలబడతా. ముందు ఓటేసి పోతా, వేలు చూపిస్తా."

పోలింగు పని కోసం ఆ రాత్రి జమ్మలమడుగులోనే ఉండిపోయాను. అక్కడి నుంచి బండి వేసుకుని పోయాను. తిరిగి వచ్చే దారంతా వాడు వెనక కూర్చుని మాట్లాడుతూనే ఉన్నాడు. "నలభై దాటినాయి, ఇంతవరకు ఆ మిషను మొగం చూడలే మామా. యాడ నొక్కల్ల? శబ్దం వస్తాదంట గదా?" గాలికి సగం మాటలు పోయేవి. విన్న సగం చాలు.

ఒక్క ఫోన్ కాల్ సరిపోయేది. మస్తాన్ వచ్చినాడు, వాని ఓటు వదిలేయండి అని ఓబుల్‌రెడ్డికి ఒక్క మాట. ఎందుకు చేయలేదు? చేయాలంటే బండి ఆపాలి. ఆపితే మస్తాన్ ఎవరికని అడుగుతాడు. నిన్న సాయంత్రం నిన్ను పంచుకున్నారు, నేను పక్కనే కూర్చుని నవ్వాను అని ఎట్లా చెప్పేది? ఇంత పొద్దున్నే వేసుండరులే అనుకున్నాను. జమ్మలమడుగులో వాడు ఉగ్గాని తిందామన్నాడు. ముందు ఓటేసి వద్దాం పద అనాల్సింది. అనలేదు. వాడు ఇంకో రెండు బజ్జీలు చెప్పాడు. నేను టీ కూడా తెప్పించాను.

బూత్‌లో నేనా మాట అన్నాక అధికారి పెన్ను కింద పెట్టేశాడు. కానిస్టేబుల్ వచ్చి మస్తాన్ మోచెయ్యి పట్టుకుని బడి వరండాలో కూర్చోబెట్టాడు. వాడు పెనుగులాడలేదు, అరవలేదు. కాసేపటికి కబురు తెలిసి ఖాదర్‌బీ వచ్చింది. కొడుకు ఊర్లో దిగినాడని ఆమెకు అట్లా తెలిసింది. ఏళ్ల తర్వాత కొడుకు మొగం ఆమె చూసింది పోలీసు పక్కన. "ఏం చేసినాడు నా కొడుకు?" అని అడిగింది. లైన్లో ఎవరో, "రెండో ఓటుకొచ్చినాడు పెద్దమ్మా, కువైట్లో అట్లనే ఏస్తారేమో" అన్నారు. లైనంతా నవ్వింది. ఆమె నా దగ్గరికి రాలేదు. వచ్చి రెండు తిట్లు తిట్టుంటే బాగుండేది.

సాయంత్రం కేసేమీ లేకుండా వదిలేశారు. వాడి పెట్టె నా బండికే కట్టి ఉంది. వాడే వచ్చి తాళ్లు విప్పుకున్నాడు. ముడి బిగుసుకుపోయింది. నేను చెయ్యి వేయబోతే నా చెయ్యి పక్కకు పెట్టాడు.

"ముద్దనూరు యాడ మామా, ఊరి మలుపు యాడ?"

"గొడవ అయితాదని..." అన్నాను.

"గొడవ నాకొక్కనికే అయిందిలే."

వాడు నన్ను మామా అని పిలవడం అదే చివరిసారి.

గొడవ అవుతుందని నేను నిజంగా భయపడ్డానా? ఈ ప్రశ్నను ఎన్నోసార్లు తిరగేసుకున్నాను. గొడవ పడాలంటే రెండు వర్గాలు కావాలి. ఆ రోజు బూత్‌లో రెండు వర్గాలూ ఒకే బెంచీ మీద ఉన్నాయి. ఎదురుగా మస్తాన్ ఒక్కడు. ఎవరు ఎవరితో కొట్టుకుంటారు? నేను భయపడింది ఆ అరుగు నాకు లేకుండా పోతుందని. రెండు వర్గాలూ నాకు వార్త చెప్పేవి, పండగలకు ప్రకటనలిచ్చేవి, పెద్ద కుర్చీ వేసేవి. ఇదా, ఇంకేమైనా ఉందా అని వెతికాను. ఇంకేమీ దొరకలేదు. ఒక కుర్చీ.

మస్తాన్ ఊరుకోలేదు. పెద్దముడియం తహశీల్దారు ఆఫీసుకు పోయాడు, తర్వాత జమ్మలమడుగులో పెద్ద ఆఫీసుకు పోయాడు. నేను వేయని ఓటు వేసినట్టుంది, సరిచేయండి అని అడిగాడు. "వేయలేదని రాసుంటే గదా నీకు నష్టం, వేసినట్టుంటే ఏంది నొప్పి?" అన్నాడట అక్కడి ఉద్యోగి. ఈ మాట నాకు చెప్పింది ఆ ఉద్యోగే, నవ్వుకుంటూ, టీ కొట్టు దగ్గర. చివరికి సాక్షిని తెచ్చుకోమన్నారట.

సాక్షి కోసం వాడు ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చాడు. నేను లోపలి గదిలో ఉన్నాను. లేనని చెప్పమని నా భార్యకు సైగ చేశాను. "ఊర్లో లేరన్నా" అని ఆమె చెప్పింది. నా చెప్పులు వాకిట్లోనే ఉన్నాయి. వాడు వాటివైపు చూశాడు. "సరేలేమ్మా" అని పోయాడు. సెలవు అయిపోయింది, కువైటు పోయాడు.

ఊరు మాత్రం వాడిని వదల్లేదు. డబల్ ఓటు మస్తాన్ అని పేరు పెట్టింది. ఖాదర్‌బీ రేషన్ బియ్యానికి పోతే, "డబల్ ఓటు వాళ్లమ్మకు డబల్ బియ్యం వేయండప్పా" అని ఎగతాళి చేసేవారట. ఆమె ఊరు విడిచి వేంపల్లెలో కూతురి దగ్గరికి పోయింది. అక్కడే చనిపోయింది. సొంత ఊర్లో మట్టి కావాలని అడిగిందో లేదో నాకు తెలీదు. అడగడానికి నాకు మొగం లేదు.

మస్తాన్ కువైటు మానుకుని వేంపల్లెలోనే పరుపుల అంగడి పెట్టాడు, వాళ్ల నాయన పని. మా పేపరువాళ్లు నన్ను పులివెందులకు బదిలీ వేశారు. మొన్నటి ఎన్నికల రోజు ఆ దారిలో పోతూ అంగడి తెరిచి ఉండటం చూసి బండి ఆపాను. ఒప్పుకోవాలనే లోపలికి పోయాను.

"రాండి సార్, ఏం కావాల?" అన్నాడు.

గడ్డం నెరిసింది. ఒళ్లంతా దూది. చెప్పాలనుకున్నదంతా పోయి నా నోటికి ఇది వచ్చింది: "ఓటు వేసినావా మస్తాన్?"

"వేసినా గదా సార్, ఆ పొద్దు. రికార్డులో ఉండాదే."

కోపంగా అనలేదు. రేటు చెప్పినట్టు చెప్పాడు. నేను ఒక దిండు కొన్నాను. వాడు బేరం ఆడనీయలేదు, ఎక్కువా తీసుకోలేదు. ఆ దిండు ఇంట్లో కవరు కూడా విప్పకుండా ఉంది.

ఇప్పుడు చెప్పేశాను. ముద్దనూరు స్టేషన్ బయట, తెల్లారిన కాసేపటికి ఎక్కించుకున్నాను. వాడి వేలికి సిరా లేదు. ఊర్లోకి వచ్చేదాకా వాడు నా వెనకే ఉన్నాడు. ఈ మూడు మాటలు రాస్తుంటే నా ఛాతీలో ఏదో కొంచెం వదులైంది. ఆ వదులు నాకే. వాడికి దీనివల్ల ఏమీ తిరిగి రాదు. ఆ రిజిస్టర్లను గడువు తీరాక తీసేస్తారు. దిద్దడానికి ఇప్పుడు అక్కడ ఏమీ మిగిలి ఉండదు.

ఆ ఊర్లో వాడిని ఇప్పటికీ డబల్ ఓటు మస్తాన్ అనే అంటారు. వాడు ఈ పొద్దుకీ ఒక్క ఓటు వేయలేదు.